ఇరవై ఎనిమిది రోజుల కోపం

లిఫ్టు మెకానిక్కుకు నెలకోసారి పిచ్చికోపం వస్తుందన్నది ఆ ఆసుపత్రిలో గేటు కాపలాదారు నుంచి వంటమనిషి దాకా అందరూ నమ్మిన మాట.

మేనేజరు రిజిస్టరు తెచ్చి డాక్టరమ్మ బల్లమీద పరిచాడు.

“తాడు పోగులు తెగుతున్నాయి, రోగుల లిఫ్టు ఆపేయండని అయిదుసార్లు రాసింది. తేదీలు చూడండి, సరిగ్గా ఇరవై ఎనిమిది రోజులకొకటి. ఇంకా విడమర్చి చెప్పాలా? ‘ఆ రోజుల్లో’ బుర్ర నిలకడగా ఉండదని ఒక్క ముక్క రాసివ్వండి, ఆవిణ్ణి స్టోరులో కూర్చోబెడతాను.”

“తాడు సంగతి?”

“ఏనుగునైనా మోస్తుంది. మిగతా ముగ్గురు మెకానిక్కులూ బాగుందనే సంతకం పెట్టారు.”

గ్రీజు చేతులతో ఆమె గుమ్మంలోనే నిలబడి అంతా వింటోంది. డాక్టరమ్మ ఆమెను కూర్చోమని, మేనేజరును బయటికి పంపింది.

“నెలసరికి ముందు ఎలా ఉంటుందమ్మా?”

“వారం రోజులు నరకం. ఉత్తపుణ్యానికి ఏడుపు, చిరాకు. నిద్ర పట్టదు, రొమ్ములు సలుపుతాయి, ఈ బతుకెందుకనిపిస్తుంది. మొదలైన రెండోనాటికి చేత్తో తీసేసినట్టు పోతుంది. దాచడం దేనికి?” ఆమె ఒక నోటుబుక్కు ముందుకు జరిపింది. “బయట చూపించుకుంటే రోజూ రాయమన్నారు. ఆర్నెల్లుగా రాస్తున్నా, మందూ వాడుతున్నా. ఆ జబ్బు నన్ను ఏడిపిస్తుంది కానీ ఇనుప తాడును తెంపదు కదండీ.”

డాక్టరమ్మ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టింది. జబ్బు నిజమే. అయితే ఆమె నెలసరి ఒకమారు ముప్పై రోజులకు, ఒకమారు ముప్పై నాలుగుకు. అయిదు ఫిర్యాదుల్లో నాలుగు, ఒంట్లో హాయిగా ఉందని రాసుకున్న రోజులవే. ఒక జబ్బు పేరు చెప్పి మనిషి నోట్లో గుడ్డ కుక్కుతున్నారని డాక్టరమ్మకు ఒళ్ళు మండిపోయింది. అయినా లెక్క తేలందే మాట తేల్చడం ఆమె పద్ధతి కాదు. మేనేజరును మళ్ళీ లోపలికి పిలిచి, అతని ఎదుటే అడిగింది.

“మరి ఇరవై ఎనిమిది రోజులకొకసారే ఎందుకు రాశావమ్మా?”

“ఆ మాట అడగడానికి ఇన్నాళ్ళకు ఒక్కరు దొరికారు. డ్యూటీ చార్టు వేసింది ఈయనే, ఈయన్నే చెప్పమనండి.”

మేనేజరు కిటికీ వైపు తిరిగాడు.

వారానికొకరు చొప్పున తాడు తనిఖీ చేసే నలుగురు మెకానిక్కుల్లో ఆమె వంతు నాలుగు వారాలకొకసారి వస్తుంది.