పక్క సీటు బ్రేకు

“ఇది డ్రైవింగ్ నేర్పే బండా, ఇంటి బండా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు, డ్రైవరు పక్క సీటు ముందు కొత్తగా అమర్చిన పెడల్‌ని పెన్నుతో చూపిస్తూ.

“ఇంటి బండే సార్. నడిపేది మా ఆవిడ. అందుకని పెట్టించాను,” అన్నాడు పెద్దాయన.

ఆ మాట తనిఖీ షెడ్డులో వరసగా నిలబడ్డ వాళ్ళందరికీ వినపడేలా అన్నాడు. ఇద్దరు ముగ్గురు ఇకిలించారు కూడా. స్టీరింగు వెనక కూర్చున్న ఆయన భార్య విననట్టు అద్దం తుడుచుకుంటూ ఉండిపోయింది.

సంగతేమిటంటే, చూపు మసకబారి పెద్దాయన లైసెన్సు పోయింది. నోరు మాత్రం చెక్కుచెదరలేదు. సరిగ్గా అప్పుడే ఆవిడకి ఊరవతల బేకరీలో పని దొరికింది. తెల్లారకముందే వెళ్ళి ఓవెన్లు వెలిగించాలి, ఆ వేళకి బస్సుల్లేవు. ఇన్నేళ్ళూ ఇంట్లో ఉప్పెక్కువైందనీ కారం తక్కువైందనీ మాటలు పడ్డ చేతికి ఎవరో పిలిచి జీతమిస్తామంటే ఆవిడ ఎంత మురిసిపోయిందో చెప్పలేం. కారు నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది. కానీ కారు ఆయనది, తాళాలు ఆయన జేబులో.

“నా కాలి కింద ఒక బ్రేకుండాలి. దానికి సర్కారు ముద్ర పడాలి. పడలేదా, తాళాలు బీరువాలోకి, నువ్వు వంటింట్లోకి,” అని తేల్చేశాడాయన.

“అలాగే లెండి. మెకానిక్‌తో నేనే మాట్లాడతాను,” అంది ఆవిడ.

ఆ మెకానిక్ ఇప్పుడు కారు వెనకాల గుడ్డ నలుపుతూ నిలబడ్డాడు. మనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

“బాగా పనిచేస్తుందా?” అడిగాడు ఇన్‌స్పెక్టరు.

“అదేం మాట సార్,” అన్నాడు పెద్దాయన. “మొన్న మా సందు మలుపులో స్కూటరువాడు అడ్డమొస్తే, ఈవిడ చూసిందో లేదో గానీ నేను తొక్కాను. ఉన్నచోటే ఆగింది. నేను లేకపోతే వాడు ఇవాళ వరండాలో పటమై వేలాడేవాడు.”

“అడ్డమొచ్చింది చెత్తబండి అండీ,” అంది ఆవిడ మెల్లిగా.

“ఏదైతేనేం. ఆగిందా లేదా?”

“ఆగింది లెండి.”

ఇన్‌స్పెక్టరు గడ్డం గోక్కున్నాడు. “కింద నుంచి చూడాలి. బండి పైకెత్తే యంత్రం పాడైంది. నేనే దూరి చూడాలి.”

మెకానిక్ చేతిలో గుడ్డ జారి కిందపడింది. షెడ్డు నేలంతా నల్లటి నూనె. ఇన్‌స్పెక్టరు ఆ నేలకేసి చూశాడు, ఇస్త్రీ మడత నలగని తన తెల్ల ప్యాంటుకేసి చూసుకున్నాడు. ఉద్యోగధర్మానికీ ప్యాంటుకీ మధ్య నలిగిపోయాడు పాపం.

“ముందు రోడ్డు మీద చూడండి సార్,” అంది ఆవిడ. “బ్రేకు పని బండి ఆపడమే కదా.”

“నేనూ అదే అనబోతున్నాను,” అన్నాడు ఇన్‌స్పెక్టరు గంభీరంగా.

ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో, పెద్దాయన వెనక సీట్లో కూర్చున్నారు. కారు కదిలింది.

“చెప్పకుండా తొక్కుతానమ్మా. నువ్వు నీ పాటికి నడుపు.”

“మీ ఇష్టం సార్.”

తొక్కే ముందు మడత చెదరకుండా ప్యాంటు మోకాలి దగ్గర పైకి లాక్కోవడం ఆయనకి అలవాటు. లాక్కున్నాడు, తొక్కాడు. కారు ఆగింది. మళ్ళీ బయల్దేరాక సగమే తొక్కాడు. కారు బుద్ధిగా నెమ్మదించింది. మూడోసారి ఒక్కసారిగా తొక్కేసరికి పెద్దాయన ముక్కు ముందు సీటుకి తగిలింది.

“చూశారా సార్, ఎలా పనిచేస్తోందో,” అన్నాడు ముక్కు పట్టుకునే.

మొదటి చూపులోనే ఒప్పేసుకుంటే తన విలువేముంటుందని ఇన్‌స్పెక్టరు పెదవి విరిచాడు. “మరీ మెత్తగా ఉంది. కాలు ఆనిస్తే చాలు ఆగిపోతోంది. ప్రమాదం.”

షెడ్డులోకి రాగానే మెకానిక్‌ని పిలిచాడు. “ఏమయ్యా, పని తెలిసే చేశావా? కొంచెం బిగించు.”

మెకానిక్ ఒకసారి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ కొంగు సర్దుకుంది. వాడు పెడల్ దగ్గర వంగి ఏదో మరను అటూ ఇటూ తిప్పి లేచాడు. “బిగించాను సార్.”

మళ్ళీ రోడ్డెక్కారు. ఈసారి ఇన్‌స్పెక్టరు గట్టిగా తొక్కితేగానీ కారు ఆగలేదు.

“ఇప్పుడు కుదిరింది. నా పాదానికి తెలిసిపోతుంది,” అన్నాడు.

“అనుభవం సార్,” అంది ఆవిడ.

అంతే, ముద్ర పడింది. అద్దం మీద అతికించే చీటీ కూడా ఇచ్చారు. పెద్దాయన చంకలు గుద్దుకుంటూ తాళాల గుత్తి తీసి నలుగురూ చూస్తుండగా భార్య చేతిలో పెట్టాడు.

“ఇక నిశ్చింతగా బేకరీకి వెళ్దాం పద. భయపడకు, పక్కన నేనుంటాను. నా కాలుంటుంది. ఆడవాళ్ళకి నడపడం వచ్చేస్తుందోయ్, సమయానికి ఆపడమే రాదు.”

“అవునండీ,” అంది ఆవిడ.

ఆయన చీటీ పట్టుకుని వరసలో వాళ్ళందరికీ చూపించడానికి వెళ్ళాడు. మెకానిక్ చెమట తుడుచుకుంటూ కారు కిటికీ దగ్గరకొచ్చి అటూ ఇటూ చూశాడు.

“ఇప్పుడైనా ఆ పెడల్‌ని బ్రేకుకి కలపమంటావా పిన్నీ?”