పేరు పలకని బటన్లు

ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా కనిపించే బటన్లు తయారుచేసిపెట్టే తన సాఫ్ట్‌వేర్ దేవుడు మెచ్చే పనేనా అని బావకి ఏళ్లుగా అనుమానం. చూపులేని మరదలి ఆఫీసులో వాడేది అదే; కంప్యూటర్ పైకి చెప్పేది వింటూ ఆమె పనిచేసేది. "బటన్లు పేరు పలికేలా చెయ్యి బావా, నా ఉద్యోగం నిలుస్తుంది" అని ఆమె ఎప్పుడో అడిగింది. "రేపు" అంటూ అతను కొత్త రంగులు అద్దుకుంటూ వచ్చాడు.

ఇవాళ ఆ పని అయిందనుకుని, దణ్ణం పెట్టుకుని, ఆమెను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

ఆమె మీట నొక్కింది. "బటన్" అంది కంప్యూటర్. మళ్లీ నొక్కింది. "బటన్."

"అన్నీ బటన్లేనా? ఏది ఏదో?"

"పైన రాసుందిగా!" అనేసి నాలుక కరుచుకున్నాడు.

"మా మేనేజరూ అదే అన్నాడు, మొన్న నన్ను పంపించేస్తూ."

బావ కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. ఒక్కో బటనుకీ పేరు పెట్టి, తెర ఆర్పేసి, మీట నొక్కాడు.

"భద్రపరచు" అంది కంప్యూటర్. "ముద్రించు."

ఆమె చివరిదాకా విని నవ్వింది. "నీ బాకీ తీరింది బావా. నా కుర్చీలో ఇప్పుడు కళ్లున్నవాడే కూర్చున్నాడులే."