నాలుగో అంతస్తు దగ్గర ఆగింది

"నలభై ఏడు రోజులు! నా ఆసుపత్రిని నలభై ఏడు రోజులు ఆలస్యం చేసి, పైగా నా ఎదురుగా కాలు మీద కాలేసుకుని కూర్చుంటావా?" యజమాని బల్లను అరచేత్తో చరిచాడు. టీ కప్పులు ఎగిరిపడ్డాయి.

"కూర్చుంటాను బావా. నీ సైటులో నిలబడీ నిలబడీ కాళ్లు పడిపోయాయి," అన్నాడు కాంట్రాక్టరు. యజమాని భార్యకు సొంత తమ్ముడతను.

"ఇక్కడ బావా లేదు, బావమరిదీ లేదు! పెద్దాయనా, వీణ్ణి తీసేస్తున్నట్టు కాగితం రాసుకొచ్చాను. తప్పు వీడిదేనని మీరొక్క ముక్క రాయండి, చాలు."

ఆ ఒక్క ముక్క పడితే కాంట్రాక్టరు పని అయిపోయినట్టే. ఈ సైటే కాదు, ఇంకే సైటు గడపా తొక్కనివ్వరు. పదహారేళ్లు ఎండలో మాడి తెచ్చుకున్న పేరు మట్టిలో కలుస్తుంది.

తగువు తీర్చడానికొచ్చిన ఆ పెద్దాయన, రిటైర్డ్ ఇంజినీరు, ఇద్దరినీ పట్టించుకోలేదు. కంప్యూటరు ముందున్న అమ్మాయి వైపు చూశాడు. ఆ భవనానికి డిజిటల్ మోడల్ తయారుచేసింది ఆమే. ఏ తేదీన ఏ గోడ లేచిందో, ఎవరు ఏం అడిగారో, అన్నీ అందులో ఉంటాయి. ఈ తగువు కోసం యజమానే కబురుపెట్టి పిలిపించాడు.

"నడిపించమ్మా."

తెర మీద పునాది పడింది. స్తంభాలు లేచాయి. మూడంతస్తులు చకచకా ఎక్కేశాయి. నాలుగో అంతస్తు దగ్గర అంతా ఆగిపోయింది. కింద తేదీలు మాత్రం పరిగెడుతూనే ఉన్నాయి.

"అదిగో! కళ్లారా చూశారుగా! గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడు వెధవ!"

కాంట్రాక్టరుకి ఒళ్లు మండిపోయింది. "ఎందుకు ఆగిందో కూడా చూపించమ్మా! ఆ బీము మీద నొక్కు!"

నొక్కింది. బీము ఎర్రబడింది. పక్కన అతను పెట్టిన ప్రశ్న కనిపించింది: 'నీళ్ల పైపు బీము మధ్యలోంచి వెళ్తోంది. ఏది జరపాలి? చెప్తే కాంక్రీటు పోస్తాం.' దాని కింద నలభై ఏడు రోజులు జవాబు లేదు.

"ఎన్నిసార్లు ఫోన్ చేశాను బావా? 'అన్నీ ఆ కంప్యూటర్లోనే అడుగు, నా బుర్ర తినకు' అన్నది నువ్వు కాదూ? అడక్కుండా పోసుంటే పడగొట్టించేవాడివి కాదూ?"

పెద్దాయన కళ్లజోడు సర్దుకున్నాడు. "జవాబివ్వాల్సింది యజమాని తరఫు మనిషి. ఇతను కాదు."

యజమాని మొహం కందగడ్డయింది. "నా జీతం తీసుకుంటూ నన్నే ముంచిన వెధవెవడు? చెప్పమ్మాయ్! ఈ క్షణమే మెడపట్టి బయటికి గెంటేస్తాను!"

అమ్మాయి మౌసు వదిలేసి లేచి నిలబడింది.

"జవాబివ్వాల్సిన ఆ సీటు నాది సార్! బొమ్మలు గీసేదానికి జీతం దండగని మీరు నన్ను గెంటేసిన మర్నాడే వచ్చింది ఈ ప్రశ్న!"