కింద సంతకం

పన్ను రిఫండుతో కొన్న సోఫాకి ఇంకా ప్లాస్టిక్ కవరైనా తీయలేదు. ఒకప్పుడు కుట్టుపని చేసిన మా అక్క తడుముకుంటూ వచ్చి దాని అంచున కూర్చుంది.

"పన్నుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిందిరా. ఎప్పుడైనా పన్ను కట్టిన మొహమా నాది? చదివిపెట్టు."

చూశాను. గబుక్కున మడిచేశాను.

"ఏంట్రా, జైల్లో పెడతారా నన్ను?"

తప్పక పైకి చదివాను. "మీ కళ్ళ ఆపరేషన్‌కి ఖర్చు పెట్టానని చూపించి మీ తమ్ముడు రిఫండు తీసుకున్నారు. నిజమైతే కింద సంతకం చేసి పంపండి."

అక్క కాసేపు సోఫాని చేత్తో నిమిరింది.

"మెత్తగా ఉందిరా," అంది. "సరే, పెన్నియ్యి. నా చెయ్యి పట్టుకుని ఆ గీత మీద పెట్టు. నాకు కనబడదుగా."