సోఫా మీంచి లేవకుండా

పాప నిద్ర లేస్తుందేమోనని నాకు భయం. లోకంలో అంతకు మించిన భయం నాకు ఇంకొకటి లేదు.

పది నెలల పిల్ల. పగలు పడుకుంటే సరిగ్గా గంటన్నర. లేచీ లేవగానే నా ముఖం కనబడాలి. కనబడలేదో, ఏడుపు అందుకుంటుంది. ఏడ్చి ఏడ్చి ఊపిరి బిగబట్టేస్తుంది. పెదాలు నీలం తిరుగుతాయి. అప్పుడు ముఖం మీద ఉఫ్‌మని గట్టిగా ఊదాలి. పెద్దయితే అదే పోతుందని డాక్టరమ్మ అంది. ఆవిడకేం, చెప్పి వెళ్ళిపోయింది. ఊదాల్సింది నేను.

సోఫాకి ఆ చివర ఆయన, ఈ చివర అత్తగారు, మధ్యలో నేను. ఒళ్ళో దుప్పటి మూట, అందులోంచి చిన్న ముఖం. ఎదురుగా పెద్ద టీవీ. దాని కింద ఇటుకంత నల్ల పెట్టె. పక్క గోడ పొడుగునా అద్దం.

"ఇన్నాళ్ళూ కంప్యూటర్లో ఉండేదీ ఆటల కొట్టు," అన్నారాయన, పెట్టె వైపు చూపిస్తూ. "వేల ఆటలు. ఇప్పుడు హాల్లో టీవీ దగ్గరికొచ్చింది. ఇక్కడ కూడా నిలదొక్కుకుందంటే ఇక దానికి తిరుగు లేదు."

"గదిలో మూల కూర్చునేవాణ్ణి తెచ్చి హాల్లో కూర్చోబెడితే నలుగురిలో కలుస్తాడా?" అన్నారు అత్తగారు. "ఇల్లరికం అల్లుడి వాటం. వచ్చిన దగ్గర్నుంచీ అలకలే."

"పైగా హాల్లో వేరే కంపెనీల పెట్టెలు పాత అల్లుళ్ళలా ముందే పాతుకుపోయి ఉన్నాయి లెండి."

"లెండి ఏమిట్రా లెండి? కన్నతల్లిని పట్టుకుని!"

ఆయన నాలుక కరుచుకున్నారు. నేను నవ్వలేదు. గడియారం చూశాను. పదకొండూ పది. పాప పడుకుని పది నిమిషాలు.

ఆయన గట్టి నియమం ఒకటి చెప్పారు. కీబోర్డు ముట్టుకోకూడదు. చేతిలో ఉన్న ఈ మీటల పిడితోనే ఆట మొదలవ్వాలి. ఈలోగా ఎవరు సోఫా మీంచి లేచినా, ఆట సంగతి కాక ఇంకో మాట ఎత్తినా, ఓడినట్టే. మళ్ళీ మొదటి నుంచి.

పిడి నా చేతికే ఇచ్చారు. ఎనిమిదో క్లాసులో బడి మానేసిన నాకు అర్థమైతే లోకానికంతటికీ అర్థమైనట్టేనట.

పెట్టె వెలిగింది. మీ పేరు రాయండి అంది. ఒక్కో అక్షరం దగ్గరికీ మీట నొక్కుకుంటూ పోవాలి. నా పేరు రాసేసరికి పదకొండు నిమిషాలు.

"నీకు పేరు పెట్టడానికి కూడా మీవాళ్ళకి అంతసేపు పట్టి ఉండదు," అన్నారు అత్తగారు.

"ముసలావిడకి నోరు మహ జోరు," అని లోపల్లోపలే గొణుక్కున్నాను.

"వినపడింది!" అన్నారావిడ. పాము చెవులు.

ఆట బొమ్మ తెరమీదికొచ్చింది. ఒక్కసారిగా ఫిరంగులు పేలాయి. కిటికీ అద్దాలు అదిరాయి.

"నీ పిల్లది మొద్దు నిద్రేనే కోడలా! ఇంత మోతకీ కనురెప్ప కదల్లేదు."

నేను ఒళ్ళోకి చూడలేదు. గడియారం చూశాను. పదకొండూ యాభై.

అప్పుడే తెరమీద తెల్లగా ఒక పలక పడింది. 'ముందుకు వెళ్ళడానికి కీబోర్డు కలపండి.'

"చచ్చాం," అన్నారాయన. అలవాటున లేచి బీరువా దాకా వెళ్ళారు. కీబోర్డు చేత్తో పట్టుకున్నాక గుర్తొచ్చి అక్కడే కొయ్యబారిపోయారు.

"అల్లుడు అలిగాడు," అన్నారు అత్తగారు.

మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ నా పేరు. ఈసారి పేరయ్యాక పెట్టె ఇంకో మాట అంది. 'అప్‌డేట్ అవుతోంది. దయచేసి వేచి ఉండండి.' నాలుగు శాతం.

నా కాలు ఆగడం లేదు. నేలని తన్నుతూనే ఉంది.

"ఖాళీగా ఎందుకు, ఈ కాగితం తీసుకోండి... తీసుకో," అన్నారాయన. "హాల్లో ఈ పెట్టె నడుస్తుందా, నడవదా? నీకు తోచింది రాయి. ఆఫీసువాళ్ళు చదువుతారు."

అందుకే రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

కంప్యూటర్ ముందు కూర్చునేవాడికి గది ఉంటుంది, తలుపు ఉంటుంది. గంట ఆగమంటే ఆగుతాడు. హాల్లో ఉండేవాళ్ళకి తలుపు ఉండదు. పాలు పొంగుతాయి, ఎవరో పిలుస్తారు, పిల్ల లేస్తుంది. హాల్లో ఉండే పెట్టెకి పిలిస్తే పలకడం రావాలి. పొమ్మంటే పోనివ్వడం రావాలి. ఆ రెండూ నేర్చుకుంటే ఇదీ బతుకుతుంది. ఇప్పటికి దీనికి ఒక్కటీ రాదు.

నలభై మూడు శాతం. అక్కడే ఆగింది. కర్టెన్ మీద ఎండ కూడా అంతే, వచ్చినప్పుడు ఎక్కడుందో ఇప్పటికీ అక్కడే. గడియారం ఒక్కటే నడుస్తోంది. పన్నెండూ ఇరవై ఎనిమిది.

అరగంట పనన్నారు. నమ్మి కూర్చున్నాను. నోరు తెరిస్తే మళ్ళీ మొదటి నుంచి అంటారని ఈ కాగితం అద్దానికి ఎదురుగా ఎత్తి పట్టుకుంటున్నాను.

అద్దం వెనక నిలబడి మమ్మల్ని పరీక్షిస్తున్న సార్లూ, మీరు నా ఒళ్ళో పెట్టిన ఈ రబ్బరు బొమ్మ ఎలాగూ లేవదు, ఇందాక మీరు వేషాలిచ్చి పరిచయం చేసిన ఈ అత్తగారూ ఈ ఆయనా ఇక్కడే ఉంటారు, మీ గేటుకి ఎదురు సందులో నీలం తలుపు ఇంట్లో చెవులు వినపడని మా అసలు అత్తగారి పక్కన పడుకున్న నా పాప లేచిందేమో, మీలో ఒక్కరు పరుగున వెళ్ళి చూసి రండి.