డోర్కాస్ హాజరు

హాల్ టికెట్లు అందరికీ వచ్చాయి. డోర్కాస్‌కి రాలేదు.

నోటీసు బోర్డు మీద ఆమె పేరొక్కటే ఉంది. ఎయిర్ కార్గో పేపరులో హాజరు చాలనందున పరీక్షకు అనుమతి లేదని దాని కింద రాశారు.

ఆమె నేరుగా ప్రిన్సిపాల్ రవి కుమార్ గదిలోకి వెళ్లింది. వెనకాలే ఆ క్లాసు పిల్లలు అమ్మార్, జూలీ కూడా దూరారు.

"కూర్చోండి డోర్కాస్ గారూ," అన్నాడు ప్రిన్సిపాల్. టీ తెప్పించాడు. శంషాబాద్‌లోని ఆ డిగ్రీ కాలేజీలో నలభై దాటిన విద్యార్థిని ఆమె ఒక్కతే.

"టీ వద్దు సార్. హాల్ టికెట్ గావాలె."

"అదొక్కటే నా చేతిలో లేదు."

డోర్కాస్‌ది ఆ పక్కనే ఉన్న సాతంరాయి. విమానాశ్రయం మొదలైన కొత్తలోనే కార్గోలో చేరింది. పెట్టెల మీద చీటీలు అంటించే పనితో మొదలుపెట్టి, ఏ సరుకు ఏ విమానంలో ఎక్కాలో చెప్పేదాకా వచ్చింది. ఇప్పుడు వాళ్ల సూపర్‌వైజర్ రిటైర్ అవుతున్నాడు. ఆ కుర్చీ డోర్కాస్‌కే ఇస్తామన్నారు, డిగ్రీ ఉంటే. లేకపోతే బయటి నుంచి ఎవరినో తెస్తారు. మధ్యాహ్నం డ్యూటీ వేయించుకుని, పొద్దున కాలేజీకి వస్తూ ఇన్నేళ్లు లాక్కొచ్చింది. మిగిలింది ఈ చివరి సెమిస్టరే.

సెమిస్టర్ మొదట్లో ఆమె ఒక దరఖాస్తు పెట్టుకుంది. బయట పనిచేసి నేర్చుకున్నదానికి కూడా క్రెడిట్లు ఇస్తారని ఫోన్లో చదివింది. కార్గో పని తనకు వచ్చు కాబట్టి ఆ పేపరు క్రెడిట్లు ఇచ్చేస్తే, ఆ క్లాసు తప్పుతుందని ఆశ పడింది. కమిటీ పిలిచింది.

"ఈ పని మీకు నేర్పిందెవరు?" అని అడిగాడు రవి కుమార్.

"మా పాత ఇన్‌ఛార్జి తిట్లు సార్."

"తిట్లకు క్రెడిట్లు ఉండవమ్మా. క్లాసులో నేర్చుకుంటేనే నేర్చుకున్నట్టు."

కమిటీలో అందరూ తలలూపారు. దరఖాస్తు తిరిగొచ్చింది.

తీరా క్లాసులు మొదలయ్యేసరికి ఆ పేపరుకి లెక్చరర్ దొరకలేదు. కొన్నాళ్లు పిల్లలు క్యాంటీన్లో కూర్చున్నారు. తర్వాత ప్రిన్సిపాలే తంటాలు పడి ఏర్పాటు చేశాడు. ఆ రోజు నుంచి డోర్కాస్ ఒక్క క్లాసు కూడా ఎగ్గొట్టలేదు. జ్వరం వచ్చినప్పుడు కూడా మెడకు మఫ్లర్ చుట్టుకుని వచ్చింది.

"నేను రోజు వచ్చిన సార్. మీరు గూడ వరండాల పోతా జూసిన్రు గద," అంది డోర్కాస్.

"చూశాను. కాదన్నానా?"

"మరి హాజరు లేదని ఎందుకు వెట్టిన్రు?"

"రిజిస్టర్లో లేదు కాబట్టి."

అమ్మార్ ఆగలేకపోయాడు. "అక్క మాకంటె ముందే వస్తది సార్. మేం లేటొస్తే మమ్మల్నే తిడతది."

"నువ్వు ఆగు. ఒక్క సంగతి చెప్పు. ఒక్కరోజన్నా ఈవిడ నీ పక్కన బెంచీ మీద కూర్చుందా?"

అమ్మార్ జూలీ వైపు చూశాడు. జూలీ ఫ్యాన్ వైపు చూసింది.

"లేదు సార్. గాని..."

"గానీ లేదు, గీనీ లేదు. హాజరంటే బెంచీ మీద కూర్చోవడం. రూలు అంతే."

"నిలబడితే లెక్క గాదా సార్?" అని అడిగింది జూలీ.

"నిలబడితే ఏం చేయాలో రూల్లో రాయలేదమ్మా."

డోర్కాస్‌కి నవ్వొచ్చింది. నవ్వితే పని చెడుతుందని ఆపుకుంది.

ప్రిన్సిపాల్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "అయినా ఏ రోజుకారోజు ఒక టిక్కు పడి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు కదా డోర్కాస్ గారూ."

"ఎట్ల పడ్తది సార్, బెంచీ ఖాళీగ గనవడుతుంటే? అబద్ధం అయితది గద."

"నిజాయితీ మంచిదే. కానీ మరీ ఇంతైతే ఎలా?"

"ఇప్పుడు జర దిద్దరాదు సార్?"

"సెమిస్టర్ అయ్యాక దిద్దితే నా ఉద్యోగం పోతుంది."

"మరి నా ఉద్యోగం సంగతేంది సార్? ఆ కుర్చీ నా కోసం సంవత్సరం దాక ఆగుతదా?"

ప్రిన్సిపాల్ నిజంగానే బాధపడ్డాడు. పైన విమానం పోతుంటే కిటికీ అద్దాలు అదిరాయి. అది పోయేదాకా ఆగాడు.

"నా చేతుల్లో ఉంటే చేయనా? వచ్చే ఏడాది ఆ ఒక్క పేపరు మళ్లీ చదవండి. ఈసారి బెంచీ మీద కూర్చుని."

"వచ్చే ఏడు గూడ ఆ పేపరుంటదా సార్?"

"మీరు వస్తానంటే ఎందుకుండదు?"

ఇంతలో బెల్ కొట్టారు. ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"రివిజన్ క్లాసు టైమైంది, వెళ్లండి. పరీక్ష ముందు పిల్లలు నష్టపోకూడదు."

డోర్కాస్ టీ ముట్టకుండానే లేచింది. వరండాలో అమ్మార్ ఆమె వెంట పడ్డాడు.

"అక్కా, పరేషాన్ గాకు. మేమందరం సంతకాలు వెట్టి యూనివర్సిటీకి పంపుతం."

"సంతకాలేం వద్దుగని, నువ్వు పాసయితే చాలు. పోయినసారి ఇంటర్నల్స్‌ల నీ మార్కులు జూస్తే నాకు నిద్ర పట్టలె."

జూలీ నవ్వింది. అమ్మార్ తల దించుకుని గబగబా క్లాసులోకి పరుగెత్తాడు.

డోర్కాస్ లోపల అడుగుపెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు, ఆమె బోర్డు తుడిచి, వరసగా పేర్లు పిలిచి, తన నంబరు దగ్గర ఎప్పటిలాగే ఆబ్సెంట్ వేసుకుని, పాఠం మొదలుపెట్టింది.