పనివాళ్లలో ఫస్టు

పెద్ద కంపెనీలకు ఆదాయాన్ని బట్టి ఒక వరస, పనివాళ్లను బట్టి ఇంకో వరస ఉంటాయని ఆబిడ్స్‌లో కరెంటు సామాను అమ్మే సదాశివ పేపర్లో చదివాడు. ఫ్యాన్ల ఏజెన్సీ ఎవరికివ్వాలో చూడడానికి కంపెనీ ఆఫీసరు ఆ రోజే వస్తున్నాడు. ఏజెన్సీ వస్తేనే దుకాణం నిలబడుతుంది.

ఆదాయం ఎలాగూ లేదు. పనివాళ్లలోనైనా ఫస్టు అనిపించుకుందామని పక్క రేడియోల దుకాణం కిషన్‌ను అడిగాడు.

"అన్నా, నీ మనుషులందర్నీ ఒక్క పూట జర పంపు."

"తీస్కపో. గిరాకీ వస్తే నేనే చూస్కుంట."

ఆఫీసరు వచ్చేసరికి ఒక్క ఫ్యానును అయిదుగురు తుడుస్తున్నారు.

"ఇంతమందా మీకు?"

"ఔ సార్. పనివాళ్లల్ల ఈ బజార్ల మాదే ఫస్టు."

ఆఫీసరు టీ తాగి లేచాడు.

"వీళ్లందరికీ జీతాలిస్తే మీకేం మిగులుతుందండీ? పక్కాయన ఒక్కడే అంతా నడుపుకుంటున్నాడు. ఏజెన్సీ ఆయనకిస్తున్నాం."

సాయంత్రం కిషన్ తొంగిచూశాడు.

"సదాశివా, మావోళ్లను పంపు. ఫ్యాన్లు దించేదుంది."